శరత్కాలమున పసిపిల్లల విరేచనములు: ఇంటియందే ఆరంభింపవలసిన చికిత్స

భాద్రపదము గడచి ఆశ్వయుజము ప్రవేశించునప్పటికి వానలు తగ్గుముఖము పట్టును. వినాయక చవితి వెళ్ళి, బతుకమ్మ, దసరా పండుగలు సమీపించును. ఇండ్లకు బంధువులు వత్తురు, పిల్లలకు బడి సెలవులు, వంటయింట పిండివంటలు. అయితే వాన వెలిసినంత మాత్రమున వాన తెచ్చిన మురికి తొలగిపోదు. బావులలోనికి దిగిన మురుగు, కుళాయి గొట్టముల పగుళ్ళలో చేరిన మలినము, ఆహారముపై వ్రాలు ఈగలు ఇంకను నిలిచియే యుండును. అందుచేత ఈ దినములలో పసిపిల్లలకు నీళ్ళ విరేచనములు పట్టుకొనకుండ జాగ్రత్త వహింపవలెను.

ఇంటిలో సామాన్యముగ జరుగునది

ఏడాది బిడ్డకు ఉదయము నుండి నాలుగైదు పర్యాయములు నీళ్ళవలె విరేచనమైనదనుకొందము. తల్లి పాలిచ్చుటకు ఒడిలోనికి తీసికొనును. అంతలో ఇంటి పెద్దలలో ఒకరు, "పాలు ఆపు, నీళ్ళు కూడ పట్టకు, కడుపునకు విశ్రాంతి కావలెను" అని వారింతురు. ఆ మాట ప్రేమతో పలికినదే. కాని ఆ సలహాయే బిడ్డకు అపాయము తెచ్చును.

విరేచనముల వలన మరణించు పసిపిల్లలలో పెక్కుమంది దేహములోని నీరు, లవణములు తరిగిపోవుట చేతనే మరణింతురు. పసివాని శరీరము చిన్నది గనుక కొలది గంటలలోనే ఆ కొరత ప్రమాదస్థితికి వచ్చును. గండి పడిన మడికి నీరు కట్టివేసినంత మాత్రమున గండి పూడదు. పైరు మాత్రము ఎండిపోవును. బిడ్డ విషయమును అట్టిదే. పోవుచున్న నీటిని వెంటవెంటనే తిరిగి ఇయ్యవలెను.

ఉప్పు, చక్కెర చేయు పని

విరేచనములు అగుచున్నప్పుడు వట్టి నీరు మాత్రమే చాలదు. చిన్నప్రేవుల గోడలు గ్లూకోసును, ఉప్పులోని సోడియమును జతగా లోనికి గ్రహించును. వాటి వెంట నీరు కూడ రక్తములోనికి చేరును. వ్యాధి ఉన్నప్పుడు సైతము ఈ శక్తి చాలవరకు నిలిచియుండును. ఓ.ఆర్.ఎస్. ద్రావణమునకు ఇదియే ఆధారము.

1971లో తూర్పు బెంగాలు నుండి లక్షలాది శరణార్థులు భారతదేశమునకు వచ్చినప్పుడు, పశ్చిమ బెంగాలులోని బనగాఁవ్ శిబిరములలో కలరా వ్యాపించెను. రక్తనాళములలోనికి ఎక్కించు సెలైను నిలువలు తరిగిపోగా, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని పీపాలలో సిద్ధపరచి, రోగుల బంధువుల చేతనే త్రాగింపజేసెను. అంతకుముందు నూటికి 30 వరకు ఉండిన మరణములు 4 కంటె తక్కువకు దిగెను. వైద్యుడు కాని మనిషియు ఈ చికిత్స చేయగలడని ఆ శిబిరము లోకమునకు చూపెను.

తయారుచేయు విధము

ఒక లీటరు ద్రావణమునకైన పొట్లము నొకదానిని, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో పూర్తిగా కరిగింపవలెను. సగము పొట్లము వాడుట, నీరు తగ్గించుట, పాలు గాని చక్కెర గాని చేర్చుట కూడదు. ఒకమారు కలిపినది 24 గంటలలో వాడి, మిగిలినది పారబోయవలెను.

రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతి పర్యాయము పావు గ్లాసు నుండి అర గ్లాసు వరకు చెంచాతో కొంచెము కొంచెముగ పట్టవలెను. రెండేండ్లు దాటిన వారికి అర గ్లాసు నుండి ఒక గ్లాసు వరకు ఇయ్యవచ్చును. వాంతి అయినచో 10 నిమిషములు ఆగి, మరింత నెమ్మదిగ మరల ఆరంభింపవలెను.

పొట్లము దొరకనప్పుడు, ఒక లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, తలగొట్టిన అర చెంచా ఉప్పు కలిపి ఇయ్యవచ్చును. ఉప్పు మించినచో హాని కలుగును. అంగడిలో అమ్ము తీపి పానీయములు ఓ.ఆర్.ఎస్. కాజాలవు.

తల్లిపాలు ఎట్టి పరిస్థితిలోను ఆపరాదు. ఆరు మాసములు దాటిన బిడ్డకు మెత్తని అన్నము, పప్పు, పెరుగు, అరటిపండు ఎప్పటివలె పెట్టవలెను. దీనితో పాటు జింకు మాత్రలను 14 దినములు ఇయ్యవలెను: రెండు మాసముల నుండి ఆరు మాసముల లోపు వారికి దినమునకు 10 మిల్లీగ్రాములు, అటుపై ఐదేండ్ల వరకు 20 మిల్లీగ్రాములు. విరేచనములు కట్టినను మాత్రలు మధ్యలో మానరాదు. ఓ.ఆర్.ఎస్., జింకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలోను, ఆశా కార్యకర్తల వద్దను ఉచితముగ లభించును.

ఆలస్యము చేయరాని లక్షణములు

కండ్లు లోతుకు పోవుట, పొట్టపై చర్మమును పట్టి విడిచినప్పుడు మెల్లగా సర్దుకొనుట, బిడ్డ మత్తుగ ఉండుట లేక త్రాగలేకపోవుట, త్రాగినదంతయు వాంతి అగుట, మలములో రక్తము, తీవ్ర జ్వరము, మూత్రము రాకుండుట: వీనిలో ఏ ఒక్కటి కనబడినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. దారిలో కూడ ద్రావణము పట్టుచుండవలెను. రెండు మాసముల లోపు శిశువునకు విరేచనములైనచో లక్షణములకై వేచియుండరాదు.

రాకుండ కాచుకొనుట

మలవిసర్జన పిదపను, బిడ్డను కడిగిన పిదపను, వంటకును భోజనమునకును ముందును సబ్బుతో చేతులు కడుగవలెను. త్రాగునీటిని మరగించి మూత పెట్టవలెను. మొదటి ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెను. రోటా వైరస్ టీకాను 6, 10, 14 వారముల వయస్సున వేయింపవలెను. 2016లో దేశమున ఈ టీకా మొదట ఆరంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పండుగ సరుకులతో పాటు రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లములను కూడ ఇంట ఉంచుకొనుట మంచిది. పాలు ఆపుమని చెప్పు పెద్దలను దూషింప పనిలేదు. కారణము తెలిపి చెంచా వారి చేతికే ఈయవలెను. రాత్రి తల్లి అలసి కన్ను మూసినప్పుడు, మేలుకొని ఆ నీరు పట్టువారు సాధారణముగ వారే.