కాలనీ పార్కును మనమే బాగుచేసుకోవచ్చా? గడ్డపార పట్టే ముందు ఇవి చూసుకోండి

నరసరావుపేటలోనో మాచర్లలోనో మీరు ఓ లేఅవుట్‌లో ఇల్లు కట్టుకున్నారనుకుందాం. ప్లాన్‌లో పచ్చరంగు వేసి పార్కు అని చూపించిన చోట ఇప్పుడు చిల్లచెట్లు, చెత్త, రెండు గేదెలు ఉన్నాయి. ఆదివారం నలుగురూ కలిస్తే శుభ్రం చేసేయొచ్చు. తలా కొంత వేసుకుంటే పిల్లలకు ఉయ్యాల కూడా వస్తుంది. మంచి ఆలోచనే. శ్రమదానం మనకు కొత్త కాదు, 1997లో మొదలైన జన్మభూమి రోజుల్లో చాలా ఊళ్లు చేసిందే. అయితే జేసీబీ మాట్లాడే ముందు ఆ స్థలం ఎవరి పేరున ఉందో చూసుకోండి.

ఎవరి పేరున ఉండాలి?

ఆంధ్రప్రదేశ్ లేఅవుట్ నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. అంటే అయిదెకరాల వెంచర్‌లో అరెకరం. దాన్ని గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేసి మున్సిపాలిటీకో పంచాయతీకో అప్పగించాలి. చిక్కంతా ఇక్కడే. అనుమతి లేని వెంచర్లలో పార్కు బ్రోచర్‌లో కనిపిస్తుంది గానీ రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండదు. మీరు చందాలేసి కంచె కట్టిన మూడేళ్లకు ఎవరో దస్తావేజు పట్టుకొచ్చి ‘ఇది నా ప్లాటు’ అంటే, చూపించడానికి మీ దగ్గర కాగితం ఉండదు.

అందుకే వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి ఆమోదించిన లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకలు అడగండి. ‘మున్సిపాలిటీదేనండీ’ అన్న నోటిమాటతో సరిపెట్టుకోకండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ సర్వే నంబరు మీద ఈసీ కూడా తీసి చూస్తే మంచిది.

పార్కు స్థలాన్ని అధికారులే ఇంకొకరికి ఇచ్చేస్తే? బెంగళూరులో అదే జరిగింది. పార్కు కోసం ఉంచిన జాగాను ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు కేటాయించారు. చుట్టుపక్కల ఉన్నవాళ్లు కోర్టుకెళ్లారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి కూడా జనానికి పనికొచ్చేదే కదా అన్న వాదన నిలవలేదు. దాన్ని ప్రశ్నించే హక్కు అక్కడ ఉండేవాళ్లకు ఉందనీ చెప్పింది.

అనుమతి వస్తే అంతా మనదేనా?

కాదు. స్థలం మున్సిపాలిటీదని తేలాక కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఏం పనులు చేస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, చెత్త ఎవరు ఎత్తుతారు అన్నవి అందులోనే రాయించుకోండి. తర్వాత తగాదాలన్నీ వీటి మీదే వస్తాయి. బోరు వేయాలన్నా, పెద్ద చెట్టు కొట్టాలన్నా 2002 నాటి వాల్టా చట్టం కింద వేరే అనుమతి కావాలి.

ఖర్చు మీదే అయినా పార్కు అందరిదీ. పక్క వీధి పిల్లలు రాకుండా గేటుకు తాళం వేసే హక్కు మీ సంఘానికి ఉండదు. కొన్నాళ్లకు ‘ఓ మూల చిన్న గుడి కడదాం’ అన్న మాట కూడా వస్తుంది. పార్కుల్లో, రోడ్ల మీద ఏ మతం పేరుతోనూ అనధికార నిర్మాణాలు చేయకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశించింది. ఆ మాట మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తే మొహమాటం తప్పుతుంది.

అసలు కష్టం నీళ్లు

రెంటచింతల ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. నరసరావుపేట, గురజాల అందుకు పెద్ద తేడా ఏమీ కాదు. సాగర్ కుడి కాలువకు ఏడాది పొడవునా నీళ్లు రావు. జూన్‌లో ఫొటోలు దిగి నాటిన మొక్కలు ఏప్రిల్‌కి మాడిపోయేది అందుకే. వానలు పడ్డాక వేప, కానుగ, నేరేడు లాంటివి నాటండి. తొందరగా పెరుగుతుంది కదా అని కోనోకార్పస్ జోలికి వెళ్లకండి, తెలంగాణ హరితహారంలో దాన్ని నాటడం ఆపేశారు. మొక్కల సంఖ్య తగ్గినా ఫర్వాలేదు, ముందు రెండు వేసవులకు ట్యాంకర్ ఖర్చు లెక్కేసి, ఏ వారం ఏ ఇంటివాళ్లు నీళ్లు పోయాలో పేర్లు రాసుకున్నాకే గుంతలు తవ్వండి.