పరుగును పట్టే కన్ను

డోర్నకల్లు నుంచి కొత్తగూడెం వెళ్ళే రైలు దారిలో కారేపల్లి జంక్షను ఉన్నది. అక్కడ దారి రెండుగా చీలి, ఒక పాయ ఇల్లెందు బొగ్గు గనుల వైపు పోతుంది. రెండోది భద్రాచలం రోడ్డు స్టేషను చేరుతుంది. (పేరు భద్రాచలం రోడ్డే గాని, ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. రాములవారి గుడి అక్కడికి ఇంకా నలభై కిలోమీటర్లు!)

ఈ కారేపల్లిలో ఒక సాయంత్రం చెడుగుడు పోటీ జరుగుతున్నదనుకోండి. కూతకు వెళ్ళిన పిల్లవాడు ఎదటి జట్టులో ఒకణ్ణి తాకాడు. నలుగురు వాడి మీద పడ్డారు. వాడు వాళ్ళ చేతుల కింద నుంచి చేపలాగా జారి, కూత ఆపకుండా నడిగీత మీదికి చెయ్యి చాచాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి కేక పెట్టారు. సరిగా ఆ క్షణానే ఇరవై మీటర్ల దూరం నుంచి ఒకాయన ఫోటో తీశాడు. తీరా చూస్తే అందులో ఏమున్నది? బోలెడంత ఆకాశం, బోలెడంత దుమ్ము, నడుమ చీమల్లాగా మనుషులు. గీతను అందుకున్న చెయ్యి ఎక్కడున్నదో వెతుక్కోవాలి.

మన కంటికి అంత బాగా కనిపించినది కెమెరాకు ఎందుకు కనిపించలేదు? మనం ఆ పిల్లవాడి మీదే మనసు పెట్టి చూశాం. మిగిలినదంతా చూసీ చూడనట్టు వదిలేశాం. కెమెరాకు మనసు లేదు. అది ఆకాశాన్నీ, దుమ్మునూ, పిల్లవాణ్ణీ ఒకే విధంగా చూస్తుంది. లెక్క వేసి చూడండి. ఆ పిల్లవాడు ఒకటిన్నర మీటరు పొడుగున్నాడు. కెమెరాకు ఉన్నది 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సు. 20 మీటర్ల దూరాన ఉన్న వాడి బొమ్మ కెమెరా లోపల నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కందిగింజంత అన్నమాట! అదే 200 మిల్లీమీటర్ల లెన్సయితే బొమ్మ 15 మిల్లీమీటర్లవుతుంది. 300 అయితే 22 దాటుతుంది. కెమెరాలో బొమ్మ పడే చోటు ఎత్తు 24 మిల్లీమీటర్లు గనక, పిల్లవాడు తల నుంచి కాళ్ళ దాకా దాన్ని దాదాపు నింపేస్తాడు.

ఈ మిల్లీమీటర్లు ఏమిటి అంటారా? ఇంట్లోనే చూడవచ్చు. పగటి పూట గది తలుపులు మూసి, ఒక్క కిటికీ తెరవండి. ఒక చేత భూతద్దం, మరొక చేత తెల్లకాగితం పట్టుకుని కిటికీకి ఎదురుగా నిలబడండి. కాగితాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతుంటే ఒకచోట బయటి చెట్టు తలకిందులుగా, రంగులతో సహా కాగితం మీద కనిపిస్తుంది. అప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య ఉన్న దూరమే ఆ అద్దపు నాభ్యంతరం. చేతి భూతద్దానికి అది పది, పదిహేను సెంటీమీటర్లుంటుంది. ఇక తాతగారిని చత్వారం కళ్ళద్దాలు అడిగి తెచ్చుకోండి. వాటి పవరు ప్లస్ రెండు అయితే, బొమ్మ సరిగా అరమీటరు దూరాన పడుతుంది. అంటే తాతగారు ముక్కు మీద 500 మిల్లీమీటర్ల లెన్సులు రెండు పెట్టుకుని పేపరు చదువుతున్నారన్నమాట! బొమ్మ చూడండి: భూతద్దం చూపిన చెట్టు కన్న ఎన్నో రెట్లు పెద్దది. కాని మసక. వెలుగు తక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉన్నది. (ఒక్క హెచ్చరిక: ఏ అద్దంతోనూ సూర్యుణ్ణి చూడరాదు.)

నాభ్యంతరం పెరిగితే బొమ్మ పెరుగుతుందన్న మాట సరే. మరి 500 మిల్లీమీటర్ల లెన్సుకు అరమీటరు గొట్టం మోసుకు తిరగాలా? 1891లో ఈ చిక్కుకు ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మీఠె, స్టైన్‌హైల్ అనేవాళ్ళు ఎవరికి వారే ఒకే ఉపాయం కనిపెట్టారు. ముందు ఒక కుంభాకార కటకం, దాని వెనక కొంత దూరాన ఒక పుటాకార కటకం అమర్చారు. ముందుది కిరణాలను ఒకచోటికి చేరుస్తుంటే, వెనకది వాటిని కాస్త ఆపి దూరం చేరేట్టు చేస్తుంది. దానితో గొట్టం పొట్టిదై కూడా పొడుగు లెన్సు పని చేస్తుంది. దీన్నే టెలిఫోటో లెన్సు అన్నారు.

అంతకు ముందు కదిలేదాన్ని ఫోటో తియ్యటమంటే పెద్ద యజ్ఞం. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్ళూ ఒకేసారి నేల విడుస్తాయా అన్న సందేహం ఎప్పటి నుంచో ఉండేది. చిత్రకారులు ముందు కాళ్ళు ముందుకూ, వెనక కాళ్ళు వెనక్కూ చాపి, గాలిలో ఈదుతున్నట్టు గుర్రాలను వేసేవారు. 1878లో అమెరికాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫరు పన్నెండు కెమెరాలను వరసగా నిలబెట్టి, గుర్రం దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం ఒక్కొక్క దారాన్నే తెంపుకుంటూ పోతుంటే ఒక్కొక్క కెమెరా దాన్ని పట్టింది. నిజంగానే నాలుగు కాళ్ళూ నేల విడిచాయి! కాని కాళ్ళు చాచినప్పుడు కాదు, పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు. తరతరాలుగా చూస్తున్న కళ్ళకు అందనిది దారం తెగిన క్షణంలో తేలిపోయింది.

అయితే గుర్రాన్ని కెమెరాల ముందు పరిగెత్తించవచ్చు. పులిని ఎవరు పరిగెత్తిస్తారు? కారేపల్లి అప్పట్లో నిజాము రాజ్యంలో ఉండేది. ఆరో నిజాము కొలువులో రాజా దీనదయాళ్ అనే గొప్ప ఫోటోగ్రాఫరు ఉండేవాడు. 1902లో వైస్రాయి కర్జన్ వేటకు వచ్చినప్పుడు ఓరుగల్లు ప్రాంతంలోని నెక్కొండ వద్ద తీసిన పటం ఒకటి నేటికీ ప్రసిద్ధం. అందులో కర్జన్ దొర, దొరసాని నిలబడి ఉన్నారు. వారి ముందు పులి ఉన్నది. చచ్చిన పులి. ఆ పటం ఎంత చక్కగా ఉన్నా, పులి అంటే ఏమిటో అది చెప్పదు. ఇప్పుడు పొడుగు లెన్సు పట్టుకున్నవాడు జంతువును బెదరగొట్టకుండా దూరాన కూర్చుని, దాని నడకనూ, దూకునూ బతికి ఉండగానే పట్టగలడు.

ఆటగాళ్ళ సంగతీ అంతే. వాళ్ళ దగ్గరికి పోరాదు, వాళ్ళను ఆగమనరాదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ కోసం జర్మనీ వాళ్ళు 180 మిల్లీమీటర్ల లెన్సును ప్రత్యేకంగా తయారు చేశారు. దానికి ఒలింపియా అనే పేరే నిలిచింది.

టెలిఫోటో లెన్సుకు ఒక లోపమున్నది. మన చెడుగుడు పిల్లవాడు ఇరవై మీటర్ల నుంచి ఆరు మీటర్లకు వచ్చాడనుకోండి. 200 లెన్సులో వాడి సగం శరీరం కూడా పట్టదు. లెన్సు విప్పి వేరేది బిగించేలోపల ఆట అయిపోతుంది. ఇక్కడే జూమ్ లెన్సు అక్కరకు వచ్చింది. దాని గొట్టంలో కటకాల గుంపులు కొన్ని ఉంటాయి. పైన ఉన్న కట్టును తిప్పితే ఆ గుంపులు ఒకదానికొకటి దగ్గరగానో దూరంగానో జరిగి, నాభ్యంతరమే మారిపోతుంది. 1959లో జర్మనీలోని ఫోక్ట్‌లెండర్ కంపెనీ 36 నుంచి 82 మిల్లీమీటర్ల దాకా మారే జూమర్ లెన్సును ఫిల్ము కెమెరాలకు తెచ్చింది. ఆ ఏడే జపానులో నికాన్ వాళ్ళు 85 నుంచి 250 దాకా పోయేది తెచ్చారు. ఈనాడు ఆటల ఫోటోలు తీసేవారి చేతుల్లో ఎక్కువగా కనిపించేది 70 నుంచి 200 దాకా మారే లెన్సు. ఆరు మీటర్లలో ఉన్న పిల్లవాడు 70 దగ్గర హాయిగా ఇముడుతాడు.

ఇంతటితో అంతా సులువైపోయిందా? లేదు. పొడుగు లెన్సు బొమ్మతోపాటు కష్టాలను కూడా పెద్దవి చేస్తుంది. మొదటిది చేతి వణుకు. 200 లెన్సు పట్టుకున్నవాడు సెకనులో 200వ వంతు కన్న నిదానంగా తీస్తే, వాడి చేతి వణుకే బొమ్మను చెరుపుతుంది. రెండోది ఆటగాడి వేగం. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లను 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్య పతకం తెచ్చింది. అంటే సెకనుకు ఏడు మీటర్ల పైమాట. సెకనులో 60వ వంతు సేపు కెమెరా కన్ను తెరిస్తే, ఆలోపల ఆమె దాదాపు 12 సెంటీమీటర్లు జరిగిపోతుంది, ముఖం మసకే. 1000వ వంతులో జరిగేది ఏడు మిల్లీమీటర్లు మాత్రమే. అందుకని అంత తక్కువ సేపే తెరవాలి.

తెరిచింది అంత తక్కువ సేపయితే లోపలికి వెలుగు చాలదే! తాతగారి కళ్ళద్దాల మసక బొమ్మ ఇప్పుడు గుర్తు చేసుకోండి. వెలుగు ఎక్కువ రావాలంటే లెన్సు నోరు వెడల్పు కావాలి. అందుకే స్టేడియాలలో బారులు తీరే పెద్ద లెన్సులు అన్నం గిన్నెలంత వెడల్పుంటాయి, మూడు కిలోల దాకా తూగుతాయి, ఒంటికాలి స్టాండు మీద గాని నిలవవు. కొన్నిటి ఖరీదుకు కొత్త కారు వస్తుంది. పైగా నోరు వెడల్పయిన కొద్దీ స్పష్టంగా కనిపించే మందం పలచబడుతుంది. 200 మంచి లెన్సును పూర్తిగా తెరిచి పది మీటర్ల దూరాన ఉన్నవాణ్ణి తీస్తే, ఒక మూరెడు మందమే స్పష్టంగా వస్తుంది. కన్ను కుదిరితే చాచిన చెయ్యి చెదురుతుంది. ఈనాటి కెమెరాలు ఆటగాడి కంటిని తామే వెంబడించగలవు, సెకనుకు పది ఇరవై బొమ్మలు తియ్యగలవు. అయినా ఎటు గురిపెట్టాలో వాటికి తెలియదు.

నా దృష్టిలో ఆట తెలిసినవాడికి చిన్న లెన్సు చాలు. తెలియనివాడికి పెద్దదీ చాలదు. చెడుగుడులో కూతకు పోయేవాడి ముఖం ఎదటి జట్టు వైపు ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు సొంత జట్టు వైపు తిరుగుతుంది. అసలు రసవత్తరమైన ఘట్టం తిరిగి వచ్చేటప్పుడే గనక, వాడి జట్టు వెనక, గీత బయట, నేల మీద కూర్చోవాలి. నడిగీత మీద ముందే దృష్టి నిలిపి ఉంచితే, చాచిన చెయ్యీ, పళ్ళు బిగించిన ముఖమూ, వెనక పట్టుకు లాగేవాళ్ళ ముఖాలూ అన్నీ ఎదురుగా వస్తాయి. సగం ఆట తరవాత జట్లు వైపులు మారతాయి. మనం లేచి అవతలికి పోనక్కరలేదు, ఇక అవతలి జట్టువాళ్ళ ముఖాలు వాటంతట అవే వస్తాయి.

ఎత్తు దూకేవాణ్ణి తీసేటప్పుడు ఇంకొక కిటుకు. పైకి లేచినవాడు కిందికి దిగబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ శిఖరం నుంచి సెకనులో పదోవంతు గడిచినా, పడేది అయిదు సెంటీమీటర్లే. ఆ క్షణాన్ని పట్టగలిగితే సాధారణ కెమెరా కూడా వాణ్ణి గాలిలో నిలబెడుతుంది. అయితే వాడు పైన కనిపించాక మీట నొక్కితే ఆలస్యమే. లేస్తున్నప్పుడే నొక్కాలి.

మీ దగ్గర అమ్మదో నాన్నదో సెల్‌ఫోను మాత్రమే ఉండవచ్చు. తెర మీద రెండు వేళ్ళతో బొమ్మను మరీ సాగదియ్యకండి. కొన్ని ఫోనుల్లో దూరానికి వేరే లెన్సు ఉంటుంది; అది అందించే హద్దు దాటితే ఫోను చేసేది ఉన్న బొమ్మను కత్తిరించి పెద్దది చెయ్యటమే, కొత్తగా ఒక్క వెంట్రుక కూడా కనిపించదు. దాని బదులు పెద్దవాళ్ళు ఒప్పుకున్నంత వరకు ఆటకు దగ్గరగా పోయి, ఎండను వీపు మీద పెట్టుకుని నిలబడండి.

సాధనకు సైకిలు చాలు. ఖాళీ మైదానంలో స్నేహితుణ్ణి మీ ముందు నుంచి అడ్డంగా తొక్కమని, వాడితోపాటే నడుము దగ్గర నుంచి తిరుగుతూ, తిరగటం ఆపకుండా నొక్కండి. సెకనులో 30వ వంతు చాలు. సైకిలు నిలిచినట్టు ఉండి, వెనక చెట్లు గీతలు గీతలుగా పరుగెత్తుతాయి. మొదట పది పదిహేను బొమ్మలు చెడిపోతాయి, ఏమీ ఫరవాలేదు. మీ స్నేహితుడు మాత్రం అన్నిసార్లూ తొక్కాలి గనక, వాడికి ముందే చెప్పి ఒప్పించండి.