తుపాకి మన చేతికే ఇచ్చే ఆట

పిట్టలదొర కట్టె తుపాకి వట్టుకొని గొప్పలు జెప్తుంటే ఊరంత నవ్వుతది. దొరతనం మీద ఎక్కిరింత అది. ఆయన జెప్తడు, మనం ఇంటం. వీడియో గేమ్‌ల గట్ల కాదు తమ్మీ, ఆడ తుపాకి మన చేతికే ఇస్తరు.

2011ల పావొలో పెడెర్చీని అనే ఇటలీ ఆయన ‘ఫోన్ స్టోరీ’ అని ఒక గేమ్ దెచ్చిండు. చూస్తందుకు చిన్నపిల్లల ఆట లెక్కనే ఉంటది. మొదలు కాంగోల గని. ఫోన్లకు కావాల్సిన కోల్టాన్ ఖనిజాన్ని పిల్లలు తవ్వుతుంటరు. అలిసి ఆగిన పిల్లగాని మీదికి తుపాకి సిపాయిని తోలాలె, మన వేలుతోనే. తోలకుంటే ఓడిపోతం. ఎక్కిరింత మాటల్ల లేదు, గా వేలుల ఉన్నది.

రెండోది చైనా ఫ్యాక్టరీ. మీదికెళ్లి దుంకే కార్మికులను కింద ఉరికి వట్టుకోవాలె. ఇది ఉత్తగ అల్లింది గాదు. 2010ల ఫాక్స్‌కాన్ కంపెనీల వరుసగ ఆత్మహత్యలైతే, బిల్డింగుల చుట్టు వలలు కట్టిండ్రు. (జీతాలు సుత కొంత పెంచిండ్రు గని, ముందుగాల లోకానికి కనవడ్డది వలలే.) తర్వాత కొత్త ఫోన్‌కు ఎగవడేటోళ్లు, ఆఖరికి పాకిస్తాన్ల పాత ఫోన్ల చెత్త.

కొన్ని దినాలకే ఆపిల్ తన స్టోర్‌ల నుంచి దీన్ని తీసేసింది. పిల్లల మీద హింస చూపెట్టిండ్రు, నియమాలకు ఇరుద్ధం అన్నది. గేమ్‌ల ఉన్నయి బొమ్మ పిల్లలు!

ఆండ్రాయిడ్‌ల మాత్రం ఉండనిచ్చిండ్రు. అట్ల వచ్చిన పైసలల్ల కొన్ని, ఫాక్స్‌కాన్‌ల దుంకి బతికిన ఒక ఆడపిల్లకు పంపిండ్రు.