బొగ్గుట్ట కాగితం విలువెంత?

1849 ప్రాంతంలో కాలిఫోర్నియాకి జనం బంగారం కోసం ఎగబడ్డారు. తవ్వినోడి చేతిలో ఉన్నది ఎంత మేలిమిదో తేల్చడం అస్సేయర్ పని. నమూనాని సీసంతో కలిపి ఎముక బూడిద మూసలో కాలిస్తే, సీసం మూసలోకి ఇంకిపోయి పైన చిన్న పూస మిగులుతుంది. దాంట్లోంచి వెండిని యాసిడ్‌తో వేరుచేసి, మిగిలిన బంగారం తూచి చీటీ రాసిచ్చేవాడు. ఆ చీటీల్ని ఇప్పుడు డబ్బులిచ్చి మరీ కొని దాచుకునేవాళ్లున్నారు.

మన ఖమ్మం అడవి అంచున దొరికింది బంగారం కాదు, బొగ్గు. ఇల్లెందు పాత పేరే బొగ్గుట్ట కదా! 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ ఇక్కడ బొగ్గు కనిపెట్టాడు. 1886లో నిజాం ఇచ్చిన గనుల హక్కులతో లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు. మూలధనం 10 లక్షల పౌండ్లు, 10 పౌండ్ల షేర్లు లక్ష.

అసలు కథ ఇక్కడుంది. ఆ లక్షలో 85,000 షేర్లు హక్కులు తెచ్చుకున్నవాళ్లకే, పూర్తిగా డబ్బు కట్టినట్టు రాసి ఇచ్చేశారు. నగదుకి అమ్మినవి 15,000. అంటే లక్షన్నర పౌండ్లు. మిగతా ఎనిమిదిన్నర లక్షలు కాగితం మీదే! నిజాం తరఫున బేరం నడిపిన అబ్దుల్ హక్ తన షేర్లని నిజాం ప్రభుత్వానికే అమ్మాడని గొడవై, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారించింది. ఇల్లెందులో తవ్వకం మొదలైంది 1889లో. తట్టెడు బొగ్గు రాకముందే కాగితం చేతులు మారి లాభాలు తెచ్చిందన్నమాట.

తేడా గమనించారా? అస్సే చీటీ ఒక్క నమూనా గురించే చెప్తుంది, కానీ తూచి చెప్తుంది. షేర్ కాగితం భూమిలో ఏముందో అసలు చెప్పదు. ఈ రోజు మన బొగ్గుకి కెలోరిఫిక్ విలువ చూసి జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడు వేస్తున్నారే, అది ఆ పాత చీటీకి చుట్టమే.

పాత షేర్ సర్టిఫికెట్లు సేకరించడాన్ని స్క్రిపోఫిలీ అంటారు. సింగరేణి కంపెనీగా మారిన 1920కి ముందు కాగితం ఎక్కడైనా కనిపిస్తే, వెనకవైపు కూడా చూడండి. ఎవరి నుంచి ఎవరికి మారిందో రాసుంటే ముందువైపు బొమ్మలకన్నా అదే ముఖ్యం.

ఇంట్లో తాతయ్య పే స్లిప్పులు, హాజరు కార్డులు ఉన్నా పాత పేపర్లోళ్లకి తూకానికి వేయకండి. రెండువైపులా స్కాన్ చేసి, ఎండ, తేమ తగలకుండా పెట్టండి. లామినేషన్ మాత్రం వద్దు, మళ్లీ ఊడదు.