కౌమారవయస్కులకు నవలలు: పంచాయతీలు చేయదగిన పని

అనంతపురము పీఠభూమి మన దేశమున మిక్కిలి తక్కువ వర్షము కురియు ప్రాంతములలో నొకటి. ఇచ్చట సాలుసరి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన మొగము చాటువేసి, వేరుశనగ చేతికి రాని యేట పెక్కు కుటుంబములు బెంగుళూరు మున్నగు నగరములకు కూలిపనికై తరలిపోవును. అట్టి యేట తెగిపోవు ప్రమాదమున్నది 13 మొదలు 18 ఏండ్ల వరకు గల పిల్లల చదువు. మగపిల్లవాడు పనిలో చేరును. ఆడపిల్లకు పెండ్లిమాటలు మొదలగును. పాఠ్యపుస్తకము మూతపడిన పిదప ఆ పిల్లలు తమంత తాముగా విప్పి చదువుకొనగల పుస్తకము గ్రామములో నొకటియైన నున్నదా? పంచాయతీ సభ్యులు తమ్ము తాము వేసికొనవలసిన ప్రశ్న యిది.

పంచాయతీకి గల అధికారము

గ్రంథాలయములు పంచాయతీల పరిధిలోని విషయమే. 1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో 20వ అంశము గ్రంథాలయములు. అంతకు ఎంతో పూర్వమే, 1948లో మదరాసు గ్రంథాలయ చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయముల చట్టమును వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్నును పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఈ పైకము పంచాయతీ సొంత ఆదాయము కాదు. పంచాయతీ దీనికి ధర్మకర్త మాత్రమే. ఇతర వ్యయములకు దానిని మళ్లించిన యెడల నష్టపడునది గ్రంథాలయమునకు వచ్చు పిల్లలే. సక్రమముగా జమకట్టిన పంచాయతీకి, "మా యూరి పిల్లలకు ఇట్టి పుస్తకములు పంపుడు" అని గట్టిగా అడుగుటకు వీలుండును. శాఖాగ్రంథాలయము లేని గ్రామము పుస్తక నిక్షిప్త కేంద్రమును కోరవచ్చును.

నవలయే ఎందులకు?

నవలలు పిల్లలను చెరచునని కొందరు పెద్దలు తలంతురు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో వ్రాయ నారంభించిన రాజశేఖర చరిత్రమును వారు జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. బంగారము చేసి యిత్తునన్న కపట యోగిని నమ్మి ఒక గృహస్థుడు ఎట్లు మోసపోయెనో అందు కలదు. పది ఉపన్యాసములు చెప్పలేని జాగ్రత్తను ఆ ఒక్క కథ చెప్పును. కౌమారము బాల్యమునకును, యౌవనమునకును నడుమనున్న వంతెన. బాలల కథలు ఆ వయసునకు చాలవు. పెద్దల గ్రంథములు కొన్ని బరువగును. తన యీడువాడు కష్టములో పడి, యోచించి, బయటపడు కథను చదివిన పిల్లవానికి తన కష్టమును గూర్చి యోచించుట అలవడును.

ఏ పుస్తకములు?

చదువు మరచిపోవుచున్న వానికి ముందుగా వేగముగా సాగు సాహసగాథ నీయవలెను. 1947లో ప్రారంభమైన చందమామ పత్రిక నేడు వెలువడుట లేదు. కాని దానిలో దాసరి సుబ్రహ్మణ్యముగారు వ్రాసిన తోకచుక్క మొదలైన ధారావాహికలు కొన్ని పుస్తకరూపమున వచ్చినవి. నండూరి రామమోహనరావుగారు తెనిగించిన టామ్ సాయర్, కాంచనద్వీపము అను నవలలు కూడ ఈ తరగతిలోనివే.

చదువు కుదిరిన పిదప మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము ఈయవచ్చును. దీని మొదటి భాగము 1924లో వెలువడినది. ఊరు విడిచి, రైలెక్కి, ఓడయెక్కి, అడుగడుగున తడబడుచు ఇంగ్లండు చేరిన పల్లెటూరివాని కథ యిది. మొదటిసారి నగరమునకు పోవు మన కుర్రవాడు దీనిని చదివి కడుపుబ్బ నవ్వును. క్రొత్తచోట తడబడుట సిగ్గుపడవలసిన విషయము కాదనియు గ్రహించును. కొడవటిగంటి కుటుంబరావుగారి చదువు అను నవలలో సుందరము అను బాలుడు పెరిగి పెద్దవాడగుట కలదు. చదువు మనిషికి ఏమి యిచ్చును, ఏమి యీయదు అను ప్రశ్న అందు నడచును.

పదునేడేండ్లు దాటినవారికి ఆలెక్స్ హేలీ 1976లో వ్రాయగా సహవాసి తెలుగుచేసిన ఏడుతరాలు కలదు. అనంతపురమునకు చెందిన బండి నారాయణస్వామిగారి శప్తభూమికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఇది పదునెనిమిదవ శతాబ్దపు రాయలసీమ జీవితమును చిత్రించిన నవల. ఇందలి ఘట్టములు కఠినమైనవి. కావున పెద్దలొకరు ముందుగా చదివి, పరిణతిగల పాఠకులకే యీయవలెను.

సిఫారసు చేయు విధము

మొదటిది: తాను చదువని పుస్తకమును ఎవరికిని చెప్పరాదు. సభ్యులలో ఇద్దరు, పాఠశాల ఉపాధ్యాయులొకరు, చదువరి యువతి యొకతె కూడి చిన్న సంఘముగా ఏర్పడి, నెలకొక నవల చదివిన చాలును.

రెండవది: పుస్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పి, కథ రసకందాయములో పడినచోట నిలుపవలెను. ముగింపు చెప్పరాదు, నీతి అసలే చెప్పరాదు. నీతి వినినవాడు పుస్తకము తెరువడు.

మూడవది: ఇరువది పుటలు చదివి నచ్చలేదన్న పిల్లవానిని నిర్బంధింపక మరియొకటి ఈయవలెను. పుస్తకము మారిన చాలును, చదువరి మారనక్కరలేదు.

నాలుగవది: ఆడపిల్లలు గ్రంథాలయమునకు రాలేని యూళ్లలో పుస్తకమే వారి యింటికి పోవలెను. స్వయంసహాయక సంఘపు సమావేశమునకు సంచితో పుస్తకములు తెచ్చినచో తల్లుల చేతుల మీదుగా బిడ్డలకు చేరును.

ఐదవది: వలసపోవు కుటుంబములకు పదునైదు దినముల గడువు పనికిరాదు. ఊరు విడుచునాడు రెండు నవలలిచ్చి, తిరిగి వచ్చినప్పుడు పుచ్చుకొను ఏర్పాటునకై గ్రంథాలయాధికారితో మాటలాడవలెను. ఒకటి రెండు పుస్తకములు పోవచ్చును. చదువు మరచిన పిల్లవాని నష్టముతో పోల్చిన అది స్వల్పము.

1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణాతీరమున కాలువపై పడవ గ్రంథాలయమును నడిపిరి. నీరు పారుచోట పుస్తకము పడవపై పోయినది. మన సీమలో కాలువలు తక్కువ. కాని ఆర్టీసీ బస్సు కలదు, పాలబండి కలదు, బడికి పోవు పిల్లల సంచి కలదు. వచ్చు పంచాయతీ సమావేశపు కార్యక్రమ పట్టికలో రెండు అంశములు చేర్చుడు: గ్రంథాలయ పన్ను బకాయి ఎంత? మన యూరి కౌమారవయస్కులకు ఏ పది నవలలు కోరవలెను? మొదటి ప్రశ్నకు కార్యదర్శిగారి లెక్కల పుస్తకము సమాధానము చెప్పును. రెండవదానికి ఊరి పిల్లలనే అడుగుడు.