పాత నిలువపెట్టె – దాని సంరక్షణము

పూర్వము మన దేశమున గ్రంథములు తాటియాకులపై వ్రాయబడుచుండెను. ఆకు శాశ్వతము కాదు. చెదలును తేమయు దానిని పాడుచేయును. అయినను ప్రాచీన కావ్యములు పెక్కులు మనకు దక్కినవి. ఏలయనగా, ఆకు శిథిలము కాకమునుపే యెవరో యొకరు దానిని చూచి మరియొక ప్రతి వ్రాసిరి. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొరగారు కడపలో పండితులను నియమించి, సేకరించిన ప్రతులను ఒండొంటితో పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించిరి. ఆకు గట్టిదనమును నమ్ముకొని యూరకుండినచో ఆ విద్య మనవరకు వచ్చియుండదు.

ఇప్పుడు పాఠశాలల మార్కుల పట్టికలు, సంఘముల బాప్తిస్మపు రిజిస్టర్ల చిత్రములు, కుటుంబముల ఫొటోలు కంప్యూటరులలో నుండుచున్నవి. వానికి నకళ్లు దాచుటకై కార్యాలయములందును ఇండ్లయందును ఒక చిన్న పెట్టెను ఉంచుకొందురు. దానికి ‘నాస్’ అని పేరు. ఈ వ్యాసమున దానిని నిలువపెట్టె యందము. కొన్న దినమున అందరును దానిని ముచ్చటగా చూతురు. పిమ్మట నది యేండ్లతరబడి బీరువాపై దుమ్ము పట్టి యుండును. దీపము వెలుగుచున్నది గనుక నకళ్లు భద్రముగా నున్నవని తలంతురు. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో విచారింతము.

నిలువపెట్టెలో ఒకటిగాని అంతకెక్కువగాని హార్డుడిస్కులును, వానిని నడపు చిన్న కంప్యూటరును ఉండును; పెక్కింట చల్లబరచు పంకా కూడ నుండును. ఒక తీగ రౌటరునకు పోవును. కంప్యూటరులు నిర్ణయించిన వేళకు తమ ఫైళ్ల నకళ్లను ఆ దారిని పంపును. ఇట్టి పెట్టెకు ముసలితనము రెండు విధములుగా వచ్చును. మొదటిది దాని శరీరమునకు వచ్చునది. రెండవది దానిని నడపు ప్రోగ్రామునకు, అనగా ఫర్మ్‌వేరునకు వచ్చునది.

శరీరమును గూర్చి

హార్డుడిస్కులోని పళ్లెము నిమిషమునకు 5,400 మారులో, 7,200 మారులో తిరుగును. పగలును రేయియు తిరుగు వస్తువు అరుగుట సహజము. దుమ్ము పంకాను అడ్డగించినచో వేడి పెరుగును. కావున వేసవిలో పెట్టెను మూసిన బీరువాలో నుంచరాదు. సంవత్సరమునకు రెండు మారులైనను దానిని సెట్టింగుల పేజీ ద్వారా క్రమముగా ఆపి, మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. విద్యుత్తు తరచుగా పోవు ఊళ్లలో యూపీఎస్ అవశ్యము. వ్రాత నడుమ విద్యుత్తు పోయినచో ఫైళ్లు చెడు నవకాశము కలదు.

ప్రతి డిస్కును తన యారోగ్యపు లెక్కను తానే వ్రాసికొనును. దీనిని ‘స్మార్ట్’ అందురు. అందు, చెడిన చోట్లకు బదులుగా వేరు చోట్లను వాడుకొనిన సంఖ్య నానాటికి పెరుగుచుండినచో డిస్కును మార్చు కాలము వచ్చినదని గ్రహింపవలెను. అయితే కొన్ని డిస్కులు ఏ సూచనయు నీయకయే ఆగిపోవును. కాబట్టి లెక్క బాగున్నదని యేమరి యుండరాదు.

రెండు డిస్కులు, ఒక నకలు

ఒక డిస్కు చెడినను మరియొకటి పని జరుపునట్లు అమర్చుటకు ‘రెయిడ్’ అని పేరు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు ఈ పేరుతో వ్యాసము ప్రకటించిరి. ఇది మంచి యేర్పాటే. కాని మనము పొరపాటున ఒక ఫైలును చెరిపినచో రెండు డిస్కులలోను అది తత్‌క్షణమే చెరిగిపోవును. దుష్టప్రోగ్రాము ఫైళ్లకు తాళము వేసినచో రెండింటను తాళము పడును. దొంగ పెట్టెను ఎత్తుకొనిపోయినచో రెండును పోవును. అద్దములోని ప్రతిబింబమును రెండవ మనుష్యునిగా లెక్కింపము గదా!

చెడిన డిస్కును మార్చునప్పుడు మిగిలిన పాత డిస్కును మొదటినుండి తుదివరకు చదివి కొత్తదానిని నింపవలసియుండును. 4 టెరాబైట్ల డిస్కును సెకనునకు 150 మెగాబైట్ల చొప్పున చదివినను ఏడు గంటలకు మించి పట్టును. ఆ శ్రమలో ముసలి డిస్కు కూడ చెడవచ్చును. కావున ముఖ్యమైన ఫైళ్లను ముందుగా వేరొక డిస్కునకు ఎత్తి, పిమ్మటనే యీ పనికి పూనుకొనవలెను.

ఫర్మ్‌వేరును గూర్చి

విండోస్ కంప్యూటరులు నిలువపెట్టెలతో ‘ఎస్ఎంబీ’ అను పద్ధతిని మాటలాడును. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ అను దుష్టప్రోగ్రాము దాని మొదటి రూపములోని లోపమును ఆధారముగా గొని అనేక దేశములలో వ్యాపించెను. ఇంగ్లాండులో ఆసుపత్రుల పనులు సైతము నిలిచిపోయినవి. ఆ లోపమును దిద్దు నవీకరణమును మైక్రోసాఫ్టు సంస్థ ఆ సంవత్సరము మార్చిలోనే యిచ్చియుండెను. తరువాత విండోస్‌నుండి ఆ పాత రూపమును తొలగింప నారంభించిరి. అందుచేత కొన్ని పాత పెట్టెలు కొత్త కంప్యూటరులకు కనబడవు. అప్పుడు కంప్యూటరులో పాత రూపమును మరల తెరచుట అపాయకరము. పెట్టె ఫర్మ్‌వేరును నవీకరించి, రెండవ లేక మూడవ రూపమును నేర్పుటయే తగిన మార్గము.

నవీకరణమునకు ముందు నకలు తీయవలెను. ఫైలును తయారీదారుల వెబ్‌సైటునుండియే తెచ్చుకొనవలెను. మిక్కిలి పాత ఫర్మ్‌వేరైనచో మెట్టు మెట్టుగా ఎక్కవలసి రావచ్చును. వారి సూచనలను పూర్తిగా చదువవలెను. పని ముగియువరకు విద్యుత్తు పోకుండ చూడవలెను.

తయారీదారులు నవీకరణములను మానివేసినప్పు డేమి చేయవలెను? ఒక నిదర్శనము చూడుడు. వెస్టర్న్ డిజిటల్ సంస్థవారి ‘మై బుక్ లైవ్’ పెట్టెలకు 2015 తరువాత నవీకరణములు రాలేదు. 2021 జూన్‌లో దుండగులు ఇంటర్నెట్టునకు తెరచియున్న అట్టి పెట్టెలలోని లోపములను పట్టుకొని, దూరమునుండియే వానిని తుడిచివేసిరి. పెట్టెలు విరుగలేదు, లోపలి ఫైళ్లు మాత్రము లేకపోయెను. వేరు నకలు లేనివారు ఏండ్లనాటి ఫొటోలకై దుఃఖించిరి. కాబట్టి అట్టి పెట్టెకు బయటినుండి ప్రవేశించు సౌకర్యమును మూసివేయవలెను. రౌటరులో దానికై తెరచిన ద్వారములను కూడ మూయవలెను. నకలు తీయు దినమున మాత్రము వెలిగించి, పని కాగానే ఆపవలెను. ఇట్లు ముసలి పెట్టెను రెండవ నకలునకు కాపరిగా ఇంకను వాడుకొనవచ్చును. ఒకేయొక కాపరిగా మాత్రము ఉంచరాదు.

తెలిసినవారు చెప్పు నియమ మొకటి కలదు: అసలుతో కూడ మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములపై, అందొకటి వేరొక తావున. పాఠశాల నకలొకటి మరియొక భవనమున నున్నచో అగ్నిభయమునకును వరదభయమునకును కొంత నిశ్చింత యుండును.

తుదకు ఒక పరీక్ష. టర్మున కొకమారు నకలునుండి ఏదైన నొక ఫైలును వెనుకకు తెచ్చి, తెరచి చదివి చూడవలెను. తెరచుకొననిది నకలు కాదు. తలాంతుల ఉపమానమున నేలలో పాతిపెట్టి యూరకుండిన దాసుడు కూడ సొమ్ము భద్రముగానే యున్నదని తలంచెను. ముప్పది యేండ్ల తరువాత పూర్వవిద్యార్థి యొకడు తన మార్కుల నకలుకై వచ్చి కార్యాలయపు ముంగిట నిలిచినప్పుడు, ఈ చిన్న పరీక్షల ఫలమే అతని చేతికి అందును.