కొవ్వు లేదు గదా, మాత్ర ఎందుకు?

పోయిన వేసవిలో జనగామ దగ్గరి ఒక పల్లెలో ఒక పెద్దాయనను పరామర్శించడానికి వెళ్ళాను. ఆయనకు పన్నెండేండ్లుగా షుగరు జబ్బు. మంచం పక్కన డబ్బాలో షుగరు మాత్రల అట్టలు సగం ఖాళీ అయి ఉన్నాయి గాని ఒక అట్ట మాత్రం విప్పనే లేదు. "ఇదేం మాత్ర పెద్దయ్యా?" అని అడిగాను.

"అది కొవ్వు మాత్ర అయ్యగారూ. రక్త పరీక్ష చేయించిన, కొవ్వు ఎక్కువ లేదన్నరు. లేని కొవ్వుకు మందెందుకు? పైసలు దండగ" అన్నాడు.

ఇదే మాట మానుకోటలో ఒక మిర్చి రైతు నోటా విన్నాను. భూపాలపల్లిలో సింగరేణి బాయి పని చేసి రిటైరైన ఒక సోదరుని ఇంట్లోనూ విన్నాను. నేను వైద్యుణ్ణి కాను. అయినా తెలిసినవారిని అడిగి, చదివి గ్రహించినంత మట్టుకు ఇక్కడ రాస్తున్నాను.

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి వాస్తుంది, మండుతుంది. ముల్లు తీస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది. షుగరు జబ్బులో, అందునా పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారిలో, ఇలాంటి వాపే చాలా సన్నగా, నొప్పి తెలియకుండా, ఏండ్ల తరబడి సాగుతుంది. అది రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుంది. ఆ పొరలోకి చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్.డి.ఎల్., దూరి పేరుకుంటుంది. దాన్ని తినడానికి తెల్ల రక్తకణాలు వచ్చి అక్కడే చచ్చి పేరుకుంటాయి. ఒకనాడు ఆ పేరుకున్న పెచ్చు పగిలి, దానిమీద రక్తం గడ్డకడితే గుండెపోటో పక్షవాతమో వస్తుంది. అందుకే షుగరు ఉన్నవారికి రిపోర్టులో 'మామూలు' అని వచ్చిన కొలెస్ట్రాల్ కూడా మామూలుది కాదు.

ఇక ఆ మాత్ర సంగతి. దాని జాతి పేరు స్టాటిన్. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ అనే పేర్లు మీ అట్టమీద చూసే ఉంటారు. దీని పుట్టుక మనవంటి బియ్యం తినేవాళ్ళకు బాగుంటుంది. జపాను శాస్త్రవేత్త అకిరా ఎండో వేలాది బూజులను పరీక్షించి, 1973లో ఒక బూజులో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం కనిపెట్టాడు. ఆ బూజు క్యోటో నగరపు బియ్యపు దుకాణం నుండి తెచ్చిన నమూనాలోది! ఆయన 2024లో కన్నుమూశారు. మొదటి స్టాటిన్ మాత్ర 1987లో అమ్మకానికి వచ్చింది.

లివరులో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిని స్టాటిన్ మొదట్లోనే అడ్డుకుంటుంది. అప్పుడు లివరు తన అవసరానికి రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లాగేసుకుంటుంది. అదే దారిలో, వాపును రేపే సంకేతాలకు అవసరమైన మరికొన్ని పదార్థాలూ తయారవుతాయి. అవీ తగ్గుతాయి. వాపు ఉంటే లివరు సి.ఆర్.పి. అనే ప్రోటీనును ఎక్కువగా వదులుతుంది. స్టాటిన్ వాడినవారిలో అది తగ్గడం అనేక పరిశోధనల్లో కనబడింది. 2008లో వెలువడిన జూపిటర్ పరిశోధనలో 17,802 మందిలో రోసువాస్టాటిన్ వాడినవారికి సి.ఆర్.పి. 37 శాతం తగ్గింది. అయితే అందులో షుగరు రోగులను చేర్చుకోలేదు. ఈ సంగతి చాలామంది చెప్పరు.

మన పెద్దాయన ప్రశ్నకు సూటి జవాబు 2004 నాటి కార్డ్స్ పరిశోధనలో ఉంది. బ్రిటన్, ఐర్లండులలో 2,838 మంది షుగరు రోగులను తీసుకున్నారు. అందరికీ ఎల్.డి.ఎల్. 160 లోపే. గుండెజబ్బు రాలేదు గాని బి.పి., పొగతాగడం వంటి మరొక ప్రమాదం ఉంది. రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వేసుకున్నవారిలో పెద్ద గుండె, రక్తనాళాల దెబ్బలు 37 శాతం, పక్షవాతం 48 శాతం తగ్గాయి. మేలు స్పష్టంగా కనబడినందున అనుకున్నదానికంటే రెండేండ్ల ముందే పరిశోధన ఆపేశారు.

ఈ మేలులో కొవ్వు తగ్గడం వల్ల ఎంత, వాపు తగ్గడం వల్ల ఎంత అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నా మట్టుకు, వాదన తేలేదాకా మాత్ర ఆపనక్కరలేదు. అలాగే సి.ఆర్.పి. పరీక్షకు పరుగెత్తనక్కరలేదు. జ్వరం వచ్చినా, చిగుళ్ళు చెడినా, కాలిపుండు ఉన్నా అది పెరుగుతుంది.

భయాలూ ఉన్నాయి. స్టాటిన్ వల్ల షుగరు కొద్దిగా పెరగవచ్చునన్నది నిజమే. 2012లో అమెరికా ఔషధ శాఖ ఆ హెచ్చరికను మందు వివరాల్లో చేర్చింది. అయినా గుండెకు కలిగే మేలు అంతకంటే పెద్దదని వైద్యుల మాట. ఒళ్ళునొప్పులంటారా, కొందరికి నిజంగానే వస్తాయి. తీవ్రమైన నొప్పి, నల్లటి మూత్రం కనబడితే వెంటనే డాక్టరుకు చూపాలి. గర్భవతులైన అమ్మలు, గర్భం కోరుకునేవారు ఈ మందు సంగతి డాక్టరుతో ముందుగానే మాట్లాడుకోవాలి. ఈ మాత్ర ఉంది గదా అని బీడీ మానకుండా, నడక లేకుండా కూర్చుంటే మాత్రం లాభం లేదు.

ఒకప్పుడు ఏ అనుమానానికైనా వరంగల్ ఎం.జి.ఎం.కు బస్సెక్కవలసి వచ్చేది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామ, భూపాలపల్లిలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అడగడానికి మనుషులు దగ్గరలోనే ఉన్నారు.

బూజు బియ్యం కథ చెప్పినప్పుడు పెద్దాయన భార్య నవ్వి, "మేం పారబోసేదాంట్ల ఇంతుందా!" అన్నది. వారం తర్వాత కొడుకు ఆయనను ఆ అట్టతోనే ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ వెనక్కి తిప్పి చూస్తే గడువు తేదీ రెండు నెలల క్రితమే దాటిపోయింది. కొత్తది రాసిచ్చింది.